కృపావరం ఎవరిది, కుర్చీ ఎవరిది?

మంచిర్యాల నుంచి బెల్లంపల్లి పోయే రోడ్డు మీద, మందమర్రి దాటేలోపే ప్రార్థన కూటాల ఫ్లెక్సీలు వరసగా కనబడతాయి. ఒక్కోదాని మీద ఒక ఫొటో, ఒక పేరు, పేరుకు ముందు ఒక హోదా. పాస్టర్, రెవరెండ్, బిషప్, ప్రవక్త, అపొస్తలుడు, దైవజనుడు. పక్కనే బెల్లంపల్లిలో కల్వరి మినిస్ట్రీస్ కూటాలకు వేరే జిల్లాల నుంచి కూడా జనం వేలల్లో వస్తారు. బొగ్గుబాయిలో నాతోపాటు పనిచేసిన మిత్రుడొకాయన, కొమురవెల్లి మల్లన్న భక్తుడు, ఈ ఫ్లెక్సీలు చూసి ఒకరోజు అడిగాడు: "అన్నా, మా గుళ్లె పూజారి ఒక్కడే ఉంటడు. మీ దాంట్ల గింతమంది పెద్దలేంది? వీళ్లను ఎవరు పెట్టిన్రు? ఎవరికి వాళ్లే పెట్టుకున్నరా?"

అది అడగవలసిన ప్రశ్న. క్రైస్తవులు కూడా తమలో తాము గట్టిగా అడుక్కోవలసిన ప్రశ్న. ఆయనకు టీ కొట్టు దగ్గర చెప్పిన జవాబునే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నేను సింగరేణిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మాది సీఎస్ఐ సంఘం. సంఘ పెద్దగా, కొంతకాలం కోశాధికారిగా ఉన్నాను. వేదాంత కళాశాలకు పోలేదు. బైబిల్ చదువుతాను, మనుషుల్ని చూశాను.

క్రైస్తవ సంఘంలో రెండు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి కృపావరం, అంటే దేవుని ఆత్మ ఒక మనిషికి ఉచితంగా ఇచ్చే సామర్థ్యం. రెండోది పదవి, అంటే సంఘం ఒక మనిషిని పరీక్షించి, చేతులుంచి ప్రార్థన చేసి అప్పగించే బాధ్యత. మొదటిదాన్ని ఇచ్చేది దేవుడు. రెండోదాన్ని, దేవుని పేరు మీదే అయినా, ఇచ్చేది మనుషులు. ఈ రెంటినీ కలిపి ఒక్కటిగా చూడటం వల్లే మా సంఘాల్లో సగం గొడవలు వస్తున్నాయని నా నమ్మకం.

కృపావరాల గురించి బైబిల్లో ఎక్కువగా రాసినవాడు పౌలు. క్రీస్తుశకం 55 ప్రాంతంలో గ్రీసు దేశంలోని కొరింథు పట్టణంలో ఉన్న సంఘానికి ఆయన ఉత్తరం రాశాడు. కొరింథు రెండు ఓడరేవుల ఊరు. రోమన్లు ధ్వంసం చేసిన ఆ పట్టణాన్ని జూలియస్ సీజర్ క్రీస్తుపూర్వం 44లో మళ్లీ నిలబెట్టి, విడుదల పొందిన బానిసలనూ బతుకుదెరువు వెతుక్కునేవాళ్లనూ అక్కడికి పంపాడు. కరీంనగర్ పల్లెల నుంచి, వరంగల్, ఖమ్మం నుంచి, గుంటూరు వైపు నుంచి బాయి పనికి వచ్చినవాళ్లతో నిండిన మందమర్రి లాంటి వలస ఊరు. అలాంటి ఊళ్లో పాత పరువులు పనిచేయవు, ఎవరు గొప్ప అనేది కొత్తగా తేలాలి. కొరింథు సంఘంలో అదే జరిగింది. తెలియని భాషల్లో ప్రార్థన చేసేవాళ్లు మేమే ఆత్మ పొందినవాళ్లం అన్నారు. మిగతావాళ్లు చిన్నబోయారు.

పౌలు వాళ్లకు వరాల పట్టీ రాసి పంపాడు. బుద్ధితో మాట్లాడటం, జ్ఞానంతో మాట్లాడటం, విశ్వాసం, స్వస్థపరచడం, అద్భుతాలు, ప్రవచనం, ఆత్మల వివేచన, నానా భాషలు, ఆ భాషలకు అర్థం చెప్పడం. ఇవి మొదటి కొరింథీ పత్రిక 12వ అధ్యాయంలో ఉన్నాయి. ఫ్లెక్సీలు వేసేవాళ్లు ఇక్కడితో ఆగుతారు. పౌలు ఆగలేదు. అదే అధ్యాయం చివర అపొస్తలులు, ప్రవక్తలు, బోధకులు, అద్భుతాలు చేసేవాళ్లతో పాటు ఒకే వరసలో, సాయం చేసేవాళ్లనూ పనులు నడిపించేవాళ్లనూ పెట్టాడు. రోమా సంఘానికి రాసిన పత్రికలో మరో పట్టీ ఉంది. పరిచర్య చేయడం, నేర్పడం, ధైర్యం చెప్పడం, పంచిపెట్టడం, పైవిచారణ చూడటం, కరుణ చూపడం. వండి పెట్టే చేయి, లెక్క రాసే చేయి, దయ్యాన్ని వెళ్లగొట్టే చేయి అన్నీ ఆయనకు ఒకే ఆత్మ ఇచ్చినవి. శరీరంలో కన్ను చేతిని అక్కరలేదనకూడదని ఆయన చెప్పింది ఇందుకే. 12వ అధ్యాయానికీ 14వ అధ్యాయానికీ మధ్య, ప్రేమ గురించి లోకమంతా పెళ్లిళ్లలో చదివే 13వ అధ్యాయాన్ని పెట్టాడు. అది పెళ్లి కోసం రాసింది కాదు, వరాల మీద కొట్లాడుకుంటున్న సంఘం కోసం రాసింది.

14వ అధ్యాయంలో కచ్చితమైన నియమాలున్నాయి. భాషల్లో మాట్లాడేవాళ్లు ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు. అర్థం చెప్పేవాళ్లు లేకపోతే మౌనంగా ఉండాలి. ప్రవచనం చెప్పేవాళ్లు ఇద్దరో ముగ్గురో చెప్పాలి, మిగతావాళ్లు దాన్ని తూచి చూడాలి. తూచి చూడమన్న మాట నాకు ముఖ్యం. ప్రవక్త మాటను సంఘం పరీక్షించాలని ప్రవక్తలను నమ్మిన పౌలే చెప్పాడు.

బాయిలో సర్దార్‌కు సర్టిఫికెట్ ఉండాలి. పరీక్ష రాయాలి, గ్యాస్ పరీక్ష చేయడం, దెబ్బ తగిలినవానికి ఫస్ట్ ఎయిడ్ చేయడం నేర్చుకోవాలి. అప్పుడుగానీ ఒక డిస్ట్రిక్ట్, అంటే బాయిలో ఒక భాగం, చేతికివ్వరు. మనుషులు లోపలికి పోకముందే పోయి రూఫ్ తట్టి చూడాలి, గ్యాస్ చూడాలి, రిపోర్టు రాయాలి. నేను పనిచేసిన చోట ఒక టింబర్‌మన్ ఉండేవాడు. చదువు లేదు, సర్టిఫికెట్ లేదు. కర్రతో రూఫ్ తడితే ఆ చప్పుడులో నాకు వినబడనిది ఆయనకు వినబడేది. "సర్దార్ సాబ్, డొల్ల పలుకుతున్నది, మందిని ఎనుకకు జరుపు" అనేవాడు. జరిపేవాణ్ణి. ఆయనకు ఆ చెవి ఉంది కదా అని డిస్ట్రిక్ట్ అప్పగించలేం. గ్యాసుకు, రిపోర్టుకు, ఎంతమంది లోపల ఉన్నారన్న లెక్కకు ఒకరు జవాబుదారీగా ఉండాలి. నా జేబులో కాగితం ఉంది కదా అని ఆయన చెవిని నేను కాదనలేను. వరమూ పదవీ సంఘంలో ఉండవలసిన తీరు కూడా ఇదే.

పదవులు ఎలా పుట్టాయో చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో యెరూషలేము సంఘంలో గొడవ వచ్చింది. సిద్ధాంతం మీద కాదు, అన్నం మీద. రోజూ పంచే భోజనంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను పట్టించుకోవడం లేదని ఫిర్యాదు. అపొస్తలులు జనాన్ని పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. జనం ఎన్నుకున్నారు, అపొస్తలులు చేతులుంచారు. క్రైస్తవ సంఘం తనంతట తాను ఎన్నుకున్న మొదటి కమిటీ విధవరాండ్రకు అన్నం సరిగా పంచడానికి పుట్టింది. ఇప్పుడు సంఘాల్లో కమిటీ ఎన్నికలు జరిగే తీరు చూసినప్పుడల్లా ఆ అధ్యాయాన్ని పోలింగు ముందు చదివించాలనిపిస్తుంది.

ఆ తర్వాత సంఘానికి సంఘానికీ పెద్దలను నియమించారు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో అధ్యక్షునికి, పరిచారకునికి ఉండవలసిన గుణాలున్నాయి. తాగుబోతు కాకూడదు, కొట్లాడేవాడు కాకూడదు, డబ్బు మీద ఆశ ఉండకూడదు, ఇల్లు చక్కగా నడుపుకోవాలి, బయటివాళ్లలో కూడా మంచి పేరుండాలి, కొత్తగా చేరినవాడు కాకూడదు. బోధించడం తెలిసి ఉండాలనే ఒక్కటి తప్ప వరం గురించి ఏమీ లేదు. రోగులను బాగుచేస్తాడా, దర్శనాలు చూస్తాడా అని అడగలేదు. బయటివాళ్లలో మంచి పేరు అన్నారంటే, మల్లన్న భక్తుడైన నా మిత్రుని మాటకు కూడా విలువ ఉందన్నమాట.

తొలి శతాబ్దాల క్రైస్తవులకు కూడా తిరుగుడు ప్రవక్తల బెడద ఉండేది. డిడాకే అనే పాత పుస్తకం ఒకటి ఉంది. మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో రాసింది. చాలాకాలం కనబడకుండా పోయి, 1873లో కాన్‌స్టాంటినోపుల్లో ఒక పాత రాతప్రతిలో దొరికింది. మీ ఊరికి వచ్చిన అపొస్తలుడు ఒకరోజు ఉండవచ్చు, అవసరమైతే రెండోరోజు కూడా ఉండవచ్చు, మూడోరోజూ ఉంటే మాత్రం దొంగ ప్రవక్త అని అందులో ఉంది. పోయేటప్పుడు దారి రొట్టె తప్ప డబ్బు అడిగినా దొంగ ప్రవక్తే. దాదాపు రెండువేల ఏళ్ల కింద బీద క్రైస్తవులు పెట్టుకున్న ఈ కొలబద్ద, ఇవాళ ఫోన్‌పే నంబరు వేసిన ఫ్లెక్సీలకు కూడా సరిపోతుంది.

ఇక మన దగ్గర పదవులు ఎట్లా నడుస్తాయో చెప్తాను. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ ఏర్పడింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా సీఎస్ఐ సంఘాలు మెదక్ డయాసిస్, అంటే మెదక్ బిషప్ పరిధి, కిందికి వస్తాయి. కరువులో జనానికి పని కల్పించి మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మెదక్ చర్చే ఆ డయాసిస్ కేథడ్రల్. మా దగ్గర ఒకరు అయ్యగారు, అంటే పాస్టర్, కావాలంటే ముందు సంఘం సిఫారసు చేయాలి. తర్వాత 1964లో రాజమండ్రిలో మొదలై హైదరాబాద్‌కు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల లాంటి చోట ఏళ్లపాటు చదవాలి. ఆ తర్వాత డీకన్‌గా అభిషేకం, కొంతకాలానికి ప్రెస్బిటర్‌గా అభిషేకం, రెండూ బిషప్ చేతుల మీదుగా. అయ్యగారికి ట్రాన్స్‌ఫర్లుంటాయి. ఆస్తులు సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయి, అయ్యగారి పేరు మీద కాదు. మా పాపాలు మాకున్నాయి. గ్రూపులు, ఎన్నికలు, పదవి కోసం కోర్టుకెక్కడాలు. అయినా ఎవరో ఒకరు మరొకరికి లెక్క చెప్పవలసిన ఏర్పాటు ఉంది.

కతోలికులకు మంచిర్యాల కేంద్రంగా 1999లో సీరో మలబార్ ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. మొదటి బిషప్ జోసఫ్ కున్నత్. వాళ్ల ఫాదర్లు పెళ్లి చేసుకోరు, చదువు ఇంకా ఎక్కువ కాలం. పల్లెల్లో వాళ్ల సంఘాలను నిలబెట్టింది ఉపదేశులు. ఫాదర్ నెలకోసారి వస్తే, మిగతా వారాలు ప్రార్థన నడిపి, పిల్లలకు జపాలు నేర్పి, చావుకు నిలబడేది ఆ ఉపదేశే. రెండో వాటికన్ మహాసభ 1964లో సంఘాన్ని గురించి వెలువరించిన పత్రంలో, వరాలు గురువులకే కాదు, సామాన్య విశ్వాసులకూ ఆత్మ పంచుతుందని చెప్పింది. ఉపదేశి పనిని అధికారికమైన పరిచర్యగా పోప్ ఫ్రాన్సిస్ గుర్తించింది 2021 మే నెలలో. అంతకాలం పని ఉంది, పేరు లేదు.

తెలుగు నేల మీద వరాన్నీ పదవినీ ఒకచోట బాగా కలిపినవాడిగా నేను వి.ఎస్. అజరయ్యను తలుస్తాను. తిరునెల్వేలి తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చాడు. సింగరేణి మొదటి బొగ్గు తీసిన ఇల్లెందుకు రైలు చీలే జంక్షన్ అది. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. తెల్లదొరల సంఘంలో నల్లవాడు బిషప్ కావడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. ఆయన మాత్రం పదవిని తనచుట్టూ గోడగా కట్టుకోలేదు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరి చేతా, తలమీద చేయి పెట్టించి, సువార్త చెప్పడం నా బాధ్యత అని ఒప్పించేవాడు. పల్లె ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ వాళ్ల భార్యలకు కూడా నేర్పించాడు. 1945 జనవరి 1న ఆయన చనిపోయేనాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. అందులో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు.

ఆ కుటుంబాలకు ఇదంతా ఎందుకు పెద్ద సంగతో నేను లోపలినుంచి చెప్పగలను. మా తాత ఊళ్లో డప్పు కొట్టేవాడు. పంచాయతీలో ఆయన కూర్చునే మాట లేదు, నిలబడి చేతులు కట్టుకోవడమే. అలాంటి మనిషి ప్రార్థనలో లేచి నిలబడి నలుగురి ముందు గొంతెత్తి మాట్లాడాడు. నీకూ ఒక వరం ఉంది, అది లేకపోతే సంఘానికి లోటు అని ఎవరో మొదటిసారి ఆయనకు చెప్పారు. బాపు బాయి పనికి మందమర్రి వచ్చినప్పుడు ఇంట్లో సామానుతో పాటు ఆ ధైర్యాన్ని కూడా తెచ్చుకున్నాడు. కృపావరాల బోధను మా జనం ఎందుకు పట్టుకున్నారో వేదాంత పుస్తకాల్లో వెతకనక్కర్లేదు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోని కార్డినల్ అయ్యారు. ఆ హోదా పొందిన మొదటి తెలుగువాడు, మొదటి దళితుడు ఆయనే. కతోలికుణ్ణి కాకపోయినా నాకు కళ్లు చెమర్చాయి.

పదవుల విషయంలో సువార్తికుడు బక్త్ సింగ్ దారి వేరు. పంజాబ్ సిక్కు కుటుంబంలో పుట్టి, 1941లో మద్రాసులో సహవాసం మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్ హెబ్రోనును కేంద్రం చేసుకుని, 2000 సెప్టెంబర్ 17న అక్కడే కన్నుమూశాడు. ఆయన సహవాసాల్లో అయ్యగారు, సామాన్యుడు అనే తేడా పెట్టలేదు. పెద్దలు కలిసి నడుపుతారు. ఆరాధనలో ఎవరైనా లేచి స్తుతించవచ్చు, పాట ఎత్తుకోవచ్చు. మందమర్రిలో కూడా వాళ్లను చూసి మా సీఎస్ఐవాళ్లం కొంత నేర్చుకున్నాం. ఫలానా కీర్తన నంబరు అని అయ్యగారు చెప్పేదాకా నోరు విప్పనివాళ్లం, కుటుంబ ప్రార్థనల్లో మేమే పాట ఎత్తుకోవడం మొదలుపెట్టాం.

సింగరేణి కాలనీ సంఘం అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. మూడు షిఫ్టులు. ఆదివారం ప్లేడే, అంటే సెలవు రోజు డ్యూటీ, పడితే రెట్టింపు జీతం. బిడ్డ ఫీజు కట్టవలసినవాడు గుడికి వస్తాడా, డ్యూటీకి పోతాడా? డ్యూటీకే పోతాడు. అలాంటివాళ్ల కోసం మంగళవారం రాత్రో, శుక్రవారం పొద్దుగూకాకో క్వార్టర్లలో కూటాలు పెట్టుకున్నాం. అయ్యగారు అన్నిటికీ రాలేరు. నైట్ షిఫ్ట్ దిగి నిద్ర కళ్లతో వచ్చి వాక్యం చెప్పిన ట్రామర్లున్నారు. డోలక్ మీద చేయి వేస్తే పసిపిల్లలు కూడా పాట నేర్చుకునేట్టు చేసిన కోల్ ఫిల్లర్ ఉన్నాడు. అందరికంటే ముందు చెప్పవలసింది మా అవ్వ గురించి. ఆమెకు అక్షరం రాదు, కీర్తనలన్నీ నోటికి వచ్చు. బాయిలో ఏదన్నా జరిగి ఒక ఇంటి మగమనిషి రాకుండా పోతే, యూనియన్ వాళ్లకంటే, అయ్యగారికంటే ముందు ఆ ఇంటి గడపలో కూర్చునేది ఆమె. మాట్లాడేది కాదు. పొయ్యి ముట్టించి, పిల్లలకు గంజి తాగించి, రాత్రి అక్కడే పండేది. కరుణ చూపడం అని పౌలు పట్టీలో రాసింది ఇదే. ఆమె కమిటీలో ఎన్నడూ లేదు. వార్షిక నివేదికలో ఆమె పేరు ఒక్కసారి కూడా రాలేదు.

ఆడవాళ్ల సంగతి ఇక్కడ తేల్చుకోవాలి. మన దగ్గర సువార్త ఇళ్లలోపలికి పోయింది బైబిల్ ఉమెన్ కాళ్ల మీద. చేతిసంచిలో పుస్తకం పెట్టుకుని వాడవాడా తిరిగి, ఆడవాళ్లకు చదువు చెప్పి, కాన్పులకు నిలబడ్డారు. భాషల్లో మాట్లాడే ఉజ్జీవం అమెరికాలో 1906లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైందని అంటారు. కానీ 1905లోనే పుణె దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో, కరువు నుంచి తప్పించి తెచ్చిన అనాథ పిల్లల్లో, బాల వితంతువుల్లో ఒక పెద్ద ఉజ్జీవం వచ్చింది. పౌలు కాలంలో ప్రిస్కిల్ల తన భర్తతో కలిసి అపొల్లో అంతటి పండితునికి మార్గాన్ని వివరించి చెప్పింది. కెంక్రేయ సంఘంలో ఫీబే పరిచారకురాలు. వరం ఇచ్చేటప్పుడు దేవుడు మగా ఆడా చూడలేదని ఇంతకంటే రుజువు ఏం కావాలి? సీఎస్ఐ 1976 నుంచి స్త్రీలకు గురుపట్టాభిషేకం ఇస్తోంది. 2013 సెప్టెంబర్ 30న ఎగ్గోని పుష్పలలిత నంద్యాల డయాసిస్‌కు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్. అయినా మా వైపు సంఘాల్లో ఒక అమ్మగారు స్వయంగా ప్రెస్బిటర్‌గా వస్తున్నారంటే, ఆడమనిషి బల్లారాధన జరిపిస్తదా అని గొణిగే మగవాళ్లు ఇంకా ఉన్నారు. ఇదే మగవాళ్లు ఒంట్లో బాగాలేనప్పుడు ప్రార్థన కోసం కబురు పంపేది ఆడవాళ్లకే. స్త్రీలను పదవికి దూరం పెట్టడానికి పౌలు మాటలు కొన్ని చూపిస్తారు. ఆ మాటలను నేనూ చదివాను. అదే పౌలు సంఘంలో స్త్రీలు ప్రవచించేటప్పుడు ఎలా ఉండాలో కూడా రాశాడు. ప్రవచించకూడదనుకుంటే ఆ సూచన ఎందుకు? నా తీర్పు స్పష్టం. వరం ఉన్న స్త్రీని పదవి దగ్గర ఆపడం తప్పు.

ఇక స్వస్థత. ఇది రాయకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. దేవుడు రోగిని బాగుచేస్తాడని నేను నమ్ముతాను. మా సంఘంలో నూనె రాసి ప్రార్థన చేస్తాం. అయితే ఉత్తర తెలంగాణలో స్వస్థత వరం అంటే నాకు ముందు గుర్తొచ్చేది నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కలిసి 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత డబ్బిచ్చాడు. ఊరి బయటికి తరిమేసిన మనుషులను పిలిచి, చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చి వైద్యం చేశారు. ఇసబెల్ 1932లో చనిపోయింది. ఆమె చేతిలో సిరంజి ఉంది కాబట్టి అది వరం కాదంటారా?

మా పక్క క్వార్టర్‌లో ఒక ఆడపిల్లకు ఫిట్స్ వచ్చేవి. ఆసుపత్రి మాత్రలతో రెండేళ్లు బాగుంది, బడికి పోతున్నది. దూరం నుంచి వచ్చిన ఒక బోధకుడు ఇంట్లో ప్రార్థన పెట్టి, మాత్ర మింగితే విశ్వాసం లేనట్టే అన్నాడు. తల్లి మాత్రలు ఆపింది. కొద్దిరోజులకే పిల్ల నల్లా దగ్గర పడిపోయింది. తలకు కుట్లు పడ్డాయి. ఆ బోధకుడు అప్పటికే ఊరు దాటాడు. ఆ తల్లి వచ్చి, "నాకే విశ్వాసం తక్కువైనట్టుంది అన్నా" అని ఏడ్చింది. ఆ మాట విన్నప్పుడు వచ్చినంత కోపం నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు. రోగం తిరగబెట్టించింది చాలక, దోషాన్ని కూడా తల్లి నెత్తిన పెట్టి పోయాడు. పిల్ల మళ్లీ మాత్రలు వాడుతున్నది, బాగుంది. మంత్రతంత్రాలతో ఫిట్స్‌ వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు వేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అది మతం చూసి చేసిన చట్టం కాదు.

స్వతంత్ర సంఘాలన్నీ ఇట్లాంటివే అని నేను అనడం లేదు. రేకుల షెడ్డులో మొదలుపెట్టి, తాగుడు మాన్పించి, కొట్టే మొగుళ్లను దారికి తెచ్చిన పాస్టర్లు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లలో చాలామందికి నిజమైన వరం ఉంది. లేనిది వాళ్లను అడిగేవాళ్లు. స్థలం పాస్టర్ పేరు మీద, బ్యాంకు ఖాతా పాస్టర్ పేరు మీద, ఆయన తర్వాత కొడుకు పేరు మీద. వరం వారసత్వంగా రాదు. కొడుకుకు వరం ఉంటే సంఘమే గుర్తిస్తుంది, లేకపోతే స్థలం పట్టా వల్ల అది రాదు. మంచి పాస్టర్ కూడా అడిగేవాళ్లు లేక చెడిపోతాడు. అందుకే ఆయన కోసమే పెద్దలు ఉండాలి.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల దగ్గరున్నారు. రిటైరైనవాళ్లు క్వార్టర్లు ఖాళీ చేసి మంచిర్యాలకో, కరీంనగర్‌కో, కొడుకుల దగ్గర హైదరాబాద్‌కో పోతున్నారు. మా గుళ్లో పాత బెంచీల్లో ఖాళీలు పెరిగాయి. ఓబీలో, అంటే బొగ్గు మీది మట్టి తీసే పనిలో, కాంట్రాక్టు మీద చేసే కొత్త పిల్లలు వస్తున్నారు. వాళ్లలో ఎవరికి నేర్పే వరం ఉంది, ఎవరికి ఓదార్చే వరం ఉంది అని వెతికేవాళ్లం తక్కువయ్యాం. గిటార్ వాయించేవాణ్ణి వెంటనే గుర్తుపడతాం. ఆసుపత్రిలో అటెండరు దొరకని ముసలాయనకు రాత్రి తోడుండే పిల్లవాణ్ణి గుర్తుపట్టం.

కాబట్టి మల్లన్న భక్తుడైన నా మిత్రునికీ, ఇది చదువుతున్న మీకూ నా జవాబు ఇది. పేరు ముందు హోదా చూసి లేవకండి, కూర్చోకండి. ఆ మనిషిని పెట్టిందెవరు, ఆయన లెక్క చూసేదెవరు, తప్పు చేస్తే ఆయనను ఆపగలిగేదెవరు అని అడగండి. జవాబు చెప్పేవాణ్ణి గౌరవించండి. కోప్పడేవాని దగ్గరికి పోవద్దు. సంఘ పెద్దలారా, ఈసారి వార్షిక నివేదికలో చందాలు ఇచ్చినవాళ్ల పేర్ల కంటే ముందు, చావుకూ రోగానికీ నిలబడినవాళ్ల పేర్లు రాయండి. వచ్చే కమిటీ ఎన్నికల్లో సగం స్థానాలకు ఆడవాళ్ల పేర్లు మీరే ప్రతిపాదించండి. ప్రార్థన చేయించుకోండి, తప్పకుండా చేయించుకోండి, కానీ డాక్టరు చెప్పకుండా ఏ మాత్రా ఆపకండి.